డెబ్బై నాలుగో పేజీ

హలో… ఆ సార్, నేనే. ముడిమ్యాల స్వామిదాసు… ఇంటికాడనే ఉన్న. అరుగు మీద కూసున్న.

ఆ, మా చర్చి చరిత్ర పుస్తకాలు పొద్దుగాలనే ఒచ్చినయి. మూడు వందలు… అట్ట మంచిగనే ఉన్నది సార్. గంట బొమ్మ గూడ మంచిగొచ్చింది. అట్ట సంగతి గాదు.

శ్యాంసుందర్ సార్… నా తాడు ముచ్చట ఏది?

తాడు సార్. మా చర్చి గంట కింద పడ్డ ముచ్చట. దిద్దుమని మీకు చేతితోని రాసిచ్చిన, పదకొండు పేజీలు. ఎంత తిరగేసినా కనవడతలేదు…

నిడివి.

నిడివి ఎక్కువైతే మా తాతలు ఊరికొచ్చిన ముచ్చట తీసెయ్యకపోయిన్రా? హాస్టల్ కట్టిన ముచ్చట తీసెయ్యకపోయిన్రా? ఆ పదకొండు పేజీల కోసమే తక్కిన రెండు వందలు రాసిన—

సారం ఉంచిన్రు. చూసిన. డెబ్బై నాలుగో పేజీ. చదువుత, ఇనుండ్రి. "కొత్త తాడుకు బదులు శాంతయ్య పాత తాడు కట్టడంతో గంట కిందపడి పగిలింది."

…తప్పేమున్నదా?

సార్, ఊరు అట్లనుకున్నదని రాసిన. ఆ తర్వాత పదకొండు పేజీలు అది అబద్ధమని రాసిన. మీరు ఊరు అన్నది ఉంచిన్రు. నేను అన్నది తీసేసిన్రు.

అవును, మీకొక్కరికే తెలుసు. మా ఇంటామెకు గూడ చెప్పలె… ముప్పై ఏండ్లయింది. గంట ఎక్కించనీకె సంఘమోళ్లు చేవెళ్లల కొత్త తాడు కొన్నరు. నా బాయిల మోటారు పడితే గుంజనీకె, ముందటి దినం పొద్దుమూకినంక దాన్ని పట్కపోయిన. ఆ జాగల నా పాత తాడు చుట్టిపెట్టిన. గంట మధ్యాహ్నం ఎక్కిస్తమన్నరు గదా, ఆలోపల తెచ్చిపెడ్త అనుకున్న. ఎండకు భయపడి తెల్లారకముందే, మబ్బులనే మొదలువెట్టిన్రు… చీకట్ల శాంతయ్య ఏం చూస్తడు సార్? చేతికందింది కట్టిండు.

ఇది నేను పెట్టిన తాడు గాదని మొత్తుకున్నడు. ఎవలు ఇనలె. కొత్తది అమ్ముకొని తాగిండన్నరు. అప్పుడు సంఘానికి సెక్రటరీని నేనే. నేను గూడ అన్న సార్.

ఆ పొద్దు నుంచి శాంతయ్య చర్చిల అడుగు పెట్టలె. ప్రార్థన అయినంతసేపు బయట గోడకాడ కూసుంటడు.

రాసింది మీకిచ్చిన నాడే పోయి చెప్పిన. శాంతయ్యా, నీ ముచ్చట పుస్తకంల రాసిన, విడుదలకు లోపలికి రావాలె అని… రేపే గదా ఆదివారం. నిన్న గడ్డం గీయించుకున్నడు. తెల్లంగి ఉతికించుకున్నడు.

ఆపొచ్చు సార్. రెండు వందల తొంభై తొమ్మిది ఆపొచ్చు. ఒకటి పోయింది… కృప, శాంతయ్య మనుమరాలు. ఇంటర్ చదువుతది. కట్ట ఇప్పంగనే ఒచ్చింది. తాతకు చదివి ఇనిపిస్త అన్నది. నా చేతులతోనే ఇచ్చిన.

ఏంది?…

పంపిన్రు. అవును, దిద్దిన పేజీలన్ని వాట్సాప్‌ల. ప్రెస్సుకు ఇచ్చే ముందటనే పంపిన్రు.

…సరేనని బొటనవేలు బొమ్మ పెట్టిన.

చదవకుండ పెట్టిన అందామనుకున్న ఇప్పుడు. అబద్ధమైతది. చదివిన సార్. రెండుసార్లు చదివిన. తాడు లేదు. పానం అల్కగయింది. నేను తియ్యలె, సారే తీసిండు అనుకున్న. రాతకు మెరుగు పెట్టమంటే నాకే మెరుగు పెట్టిన్రు అనుకున్న…

డెబ్బై నాలుగు గూడ చూసిన. ఒక్క వాక్యమే గదా, ఎవలు పట్టిచ్చుకుంటరు. శాంతయ్యకు చదువు రాదు గదా. కృప సంగతి యాదికే రాలె.

పొద్దుగాల ఆ పిల్ల పుస్తకం గుండెకు పట్టుకొని ఉరికింది సార్. అప్పుడు యాదికొచ్చింది. అందుకే మీకు చేసిన. మీ మీద కోపం జేస్తె జర అల్కగైతదేమోనని… అయితలేదు.

ఆ పేజీల తప్పు దిద్దే చీటీ అంటిస్తరా? ఏమని?… ఒద్దు సార్, మీరు రాయకుండ్రి. మీరు మంచిగ రాస్తరు. అదే భయం.

మొయినాబాద్ నుంచి ఇప్పుడు బయలెల్లినా అరగంట. ఒచ్చి మీరేం జేస్తరు—

ఆగుండ్రి. గేటు చప్పుడైంది.

…శాంతయ్య. ఒక్కడే ఒస్తున్నడు. తెల్లంగి తొడుక్కున్నడు. చేతిల పుస్తకం ఉన్నది సార్. వేలు లోపల పెట్టి పట్టుకున్నడు, పేజీ పోకుండ.

ఏం జెయ్యాలె? లోపలికి పోనా? ఇంట్ల లేడని చెప్పిస్తె… సార్, ఏమన్న చెప్పుండ్రి…

అవును. అవును సార్, నా నోటితోనే చెప్పాలె.

నేను రాసిచ్చిన కాగితాలు మీ దగ్గర ఉన్నయి గదా? పారెయ్యలె గదా?… ముందట పెట్టుకోండ్రి. కట్ జెయ్యకుండ్రి. ఫోన్ ఈడ అరుగు మీద పెడ్తున్న. నడుమల నేను ఒక్క మాట ఎగ్గొట్టినా మీరు అందియ్యాలె. ఈసారి ఏదీ తియ్యకుండ్రి.

పెడ్తున్న…

రా శాంతయ్యా. కూసో… కూసోనంటవా. సరే, నేనే నిలవడ్త.

ఆ పిల్ల చదివింది తప్పు. ఆ పొద్దు నువ్వు మొత్తుకున్నదే నిజం. అది నువ్వు పెట్టిన తాడు గాదు.

తాడు నేను మార్చిన.