ఇనుప కుంపటి

“ఆ మూట విప్పకయ్యా. పొద్దటిసంది కట్టిన.”

“విప్పుతలేనే. ఏమున్నదో చూస్తున్న, గంతే.”

చాంద్రాయణగుట్ట కింది గల్లీలో, ఆ గూనపెంకుల ఇంట్లో, మంచం నిండా రేపటి ప్రయాణం పరుచుకొని ఉంది. కూతురు విమల నర్సు చదువుకు సిమ్లా పోతున్నది. ఆ పిల్ల చర్చి నుంచి తిరిగి వచ్చేలోపల ఆ సామానులోంచి ఒక్క వస్తువును మాయం చెయ్యాలని ఇశ్రాయేలు సతమతమవుతున్నాడు. భార్య సుందరమ్మ సామాను మీది నుంచి చెయ్యి తీస్తేనా!

“చూడనీకె ఏమున్నది? రజాయి. కార్వాన్ బస్తీల దూది ఏకిచ్చి నింపిచ్చిన. గిది జుమ్మేరాత్ బజార్ల దొరికిన మిల్ట్రీ కోటు. గుండీలు ఊడిపోయి ఉండె, నేనే కుట్టిన. ఉన్ని మేజోళ్ళు. మంకీ టోపి. కొబ్బరినూనె గడ్డ కడ్తదంట, అందుకే సీసల ఆముదం పోసిన.”

“కోటు మస్తు బరువున్నది.”

“ఉండాలె. అమ్మిన ఖాన్ సాబ్ ఏమన్నడో ఎరికేనా? ‘అమ్మా, ఏ కోట్ కే అందర్ బరఫ్ కా బాప్ బీ నై ఘుస్తా’ అన్నడు. మంచు గూడ లోపలికి జొరదంట.”

“ఆయనెప్పుడు చూసిండే బరఫు? సోడా బండి మీద తప్ప.”

“నీకు నవ్వొస్తుందా?”

“లేదే. నవ్వుతలేను.”

“నవ్వకు. తొక్కు సీస జర ఇటియ్యి.”

“గీ గుడ్డ పేలికలేంది?”

“నా పాత చీర. తలుపు కింద కుక్కుకోనీకె. కిటికీ సందులకు గూడ. ఒక్క పోగంత గాలి గూడ రావద్దు.”

“గాలి రాకుంటె ఎట్లనే? మనిషన్నంక గాలి…”

“చలిగాలయ్యా! మన ఊరి గాలనుకున్నవా?”

“సరే. సరే. మరి గా గోనెసంచిల ఏమున్నది?”

“ఎరుకలేనట్టు అడుగుతవేంది? కుంపటి.”

“కుంపటెందుకే, బరువు.”

“కోటు బరువంటివి, ఇప్పుడు కుంపటి బరువంటున్నవ్. నువ్వు మోస్తున్నవా? రైలు మోస్తది.”

“రైల్ల బొగ్గులు పట్టనియ్యరు.”

“బొగ్గులు ఆడ కొనుక్కుంటది. వట్టి కుంపటికి రైలోళ్ళు ఏమంటరు?”

“హాస్టల్ల పెట్టుకోనియ్యరంట.”

“ఎవలన్నరు?”

“అన్నరు. ఎవలో.”

“ఎవలో అంటె ఎవలు?”

“డిపోల. డిపోల అనుకున్నరు.”

“బస్సులు రిపేరు చేసేటోళ్ళకు సిమ్లా హాస్టల్ సంగతి తెల్సా? పెట్టుకోనియ్యకుంటె మంచం కింద దాసుకుంటది. దానికి చెప్పిన నేను, ఎవలకు కనబడనియ్యకు అని.”

“చెప్పినవా?”

“చెప్పకుంటెట్ల? రాత్రి కుంపటి అంటుపెట్టు, తలుపు గట్టిగ బందు చెయ్యి, తెల్లారెదాక తీయకు అని ఒకటికి రెండుసార్లు చెప్పిన.”

“అదేమన్నది?”

“సరే అమ్మా అన్నది. అది నీ లెక్క కాదు, చెప్పిన మాట ఇంటది.”

“సుందరీ, కుంపటి బదలు ఇంకో రజాయి పెడ్దాం. రెండు పెడ్దాం. నేను పోయి తెస్త, ఇప్పుడే పోత.”

“రజాయి వేడిస్తదా? ఉన్న వేడిని కప్పుతది, గంతే. ఆనందుకు రజాయి ఇయ్యలేదా? ఇచ్చిన. ఏమాయె?”

“వాని మాట ఇప్పుడెందుకు?”

“ఇప్పుడు కాకుంటె ఎప్పుడు? ఇంజనీరైతడని కాశ్మీరు కాలేజికి పంపితిమి. పోయిన యేడు గీ దినాలల్లనే తార్ వచ్చె, పిలగాడు పోయిండని టెలిగ్రాం. నువ్వొక్కనివే పోయి ఆడనే మట్టి చేసి వస్తివి. కన్నకొడుకు మొఖం గూడ చూడనోసుకోలే నేను. మట్టి కుంపటి ఇచ్చి పంపిన, రైల్ల పగిలిపోయిందని నువ్వే చెప్తివి గద?”

“…చెప్పిన.”

“గది పగలకుంటె నా కొడుకు బతికెటోడు. చలికి వణుక్కుంట, ఒక్కడే, గా రూముల… నా చేతులిర్గ, మట్టిది ఎందుకిచ్చిన నేను?”

“నీ తప్పు లేదని ఎన్నిసార్లు చెప్పాలె?”

“నువ్వు చెప్తనే ఉంటవ్. కన్ను మూస్తె నాకు గదే కనబడ్తది. అందుకే ఈసారి కమ్మరి లోహార్ తోని ఇనుప బక్కెట్టు కొట్టిచ్చి చేయించిన. కిందేసి తొక్కినా పగలది.”

“విమలను పంపకుంటె ఏమైతది?”

“మళ్ళ గదే పాట! మిషనోళ్ళు పిలిచి సీటిచ్చిండ్రు. చదువుకు చదువు, తిండికి తిండి. ఆడ ఉండెటోళ్ళందరు చస్తుండ్రా? జాగర్త లేనోళ్ళనే చంపుతది చలి. ఈసారి జాగర్త నేను చేస్తున్న గద.”

“కుంపటి మాత్రం వద్దే.”

“నీకేం పట్టింది ఇయ్యాల? ఆనందును, విమలను కన్నప్పుడు మా అమ్మ ఏం చేసింది? బాలింత అర్రల కుంపటి పెట్టి, తలుపులన్ని మూసి పెట్టింది. నెల దాటెదాక. ఏమైంది? దగ్గు గూడ రాలె నాకు.”

“గది వేరే.”

“ఏం వేరే?”

“మన అర్ర వేరే. ఆ రూము వేరే.”

“ఏ రూము?”

“హాస్టల్ రూము.”

“సిమ్లా రూము నువ్వెప్పుడు చూసినవ్?”

“సిమ్లాది కాదు. కాశ్మీరుది చూసిన.”

“చూస్తె?”

“చూస్తె ఏం లేదు. కుంపటి తీసెయ్యి సుందరీ. విమల వచ్చేలోపల తీసెయ్యి.”

“ఎందుకు?”

“తీసెయ్యి అంటున్న గద.”

“ఎందుకో చెప్పు, తీస్త.”

“నా మాట మీద ఇంత గూడ నమ్మకం లేదా నీకు?”

“నీ మాట మీదనే గద ఇనుపది చేయించిన! ఏందయ్యా? గట్ల చూస్తవేంది? కూసో.”

“పగల్లేదు.”

“ఏంది?”

“ఆ మట్టి కుంపటి. రైల్ల పగల్లేదు. రూములనే ఉన్నది, వాని మంచం పక్కన. అందుల బూడిద గూడ ఉన్నది.”

“మరి నువ్వు…”

“అబద్ధం చెప్పిన.”

“కుంపటి ఉన్నదా? కుంపటి ఉంటె చలికెట్ల పోయిండు?”

“చలికి పోలే.”

“మరి?”

“అడగకే.”

“అడుగుత! కన్నదాన్ని, అడుగుత. ఎట్ల పోయిండు నా కొడుకు?”

“తలుపు పగలగొట్టినోళ్ళు చెప్పిండ్రు. రూము వెచ్చగ ఉండెనంట. కిటికీలకు కాగితాలంటించిండు. తలుపు కింద తువాల కుక్కిండు. మన ఇంట్ల బొగ్గు గాలి పెంకుల సందులకెళ్ళి పోతది. ఆడ పైన సిమెంటు కప్పు. ఎటు పోతది? మా డిపోల షెడ్డు మూసి ఇంజన్ నడిపిస్తె లోపటి మనిషి కూలపడ్తడు. గట్లనే. వానికి ఏం తెల్వదు, నిద్రలనే పోయిండన్నరు.”

“తువాల…”

“ఊకో.”

“తువాల కుక్కుమని నేనే చెప్పిన.”

“ఊకో సుందరీ. నీకేం ఎరుక? నాకు మాత్రం ఏం ఎరుక?”

“స్టేషన్ల చెప్పిన. రైలు కదులుతున్నా చెప్పిన. తెల్లారెదాక తీయకు బిడ్డా అని.”

“అందుకే చెప్పలే నీకు. ఏమని చెప్పాలె? చలికి పోయిండంటె చలిని తిట్టుకుంటవనుకున్న. నువ్వు ఇంకో కుంపటి చేయిస్తవని నేను కల కన్ననా?”

“యాడాది. యాడాది నా పక్కన పండుకున్నవ్. నేను ఏడ్సుకుంట మట్టిది, మట్టిది అంటుంటె ఇనుకుంట పండుకున్నవ్.”

“విన్న.”

“నీ నోట్ల మన్నువడ, ఒక్కనాడన్న చెప్పబుద్ధి కాలేదా?”

“రోజు అయ్యేది. విమలకు చాటుగ చెప్దామని గూడ చూసిన. అన్న ఎట్ల పోయిండో తెలిస్తె అది నీ మొఖం ఎట్ల చూస్తదని నోరు రాలె. కొట్టు, కొడ్తె కొట్టు. ఆ కుంపటి మాత్రం పిల్లకు వద్దు. సుందరీ? నీళ్ళు తాగుతవా? ఏడ్వు. గట్టిగ ఏడ్వు, నేను తలుపు దగ్గరికేస్త.”

“తలుపెయ్యకు!”

“ఎయ్య. ఎయ్యలే. చూడు, తీసే ఉన్నది.”

“చెప్పులేసుకో.”

“ఎక్కడికే?”

“తార్ ఆఫీసు మూసేస్తరు. చెప్పులేసుకో.”

“తారా? ఎవలికి? ఆనందు పోయి యాడాదాయె, సుందరీ.”

“కుంపట్లు రెండు చేయించిన.”

“ఏమంటున్నవే?”

“రెండు చేయించినయ్యా. గౌలిపుర కాశమ్మ లేదా, మనకు పాలు పోసేది? ఆమె కొడుకుకు సిమ్లా అవతల ఏదో తోటల చదువుల సీటు దొరికింది. ‘అక్కా, చలి సంగతి నీ అంత ఎవలికెరుక, ఏం కట్టియ్యాల్నో చెప్పు’ అని వచ్చి గీడనే కూసుంది. కొత్త కుంపటి చేతిల పెట్టిన. సగం చీర చింపి ఇచ్చిన.”

“ఎప్పుడు? పిలగాడు ఎప్పుడు పోయిండు?”

“మూడు దినాల కింద రైలెక్కిండు, ఇయ్యాలనే ఆడ చేరుతడు. లేవయ్యా! పొద్దు గుంకింది. ఆడ ఈపాటికి తలుపులేసుకుంటరు.”