తెల్ల ఒంటె ముందర తీసిన ఫోటో

మునివెంకటప్ప కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు తోలింది పదకొండేండ్లు. తిరిగొచ్చి ఆ పదకొండేండ్ల గురించి చెప్పడం మొదలుపెట్టి ఇది పన్నెండో ఏడు. చెప్పాల్సింది ఇంకా చాలా ఉందంటాడు. తిరుచానూరులో ఆయనకు సొంత మిద్దె ఉంది, భార్య అలివేలమ్మ ఉంది. అయినా సాయంత్రం నాలుగు దాటితే ఆయన్ను వెతకాల్సింది చంద్రకాంతమ్మ టీ అంగడి బెంచీ మీదనే.

ఆ సంగతి తెలిసే కృపారాణి మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అట్లే వదిలేసి అక్కడికి వచ్చింది. లాడ్జీల వెనక సందులో ఆమె కుట్టుపని చేస్తుంది. మొగుడు మునిశేఖర్ కువైట్‌లో ఒక బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. ఇంకో రెండు నెలల్లో అతని పాస్‌పోర్టు గడువు అయిపోతుంది. అది కొత్తది రాకపోతే అక్కడ ఉండనిచ్చే కాగితం కూడా రాదు, పెట్టె సర్దుకోవాల్సిందే. దరఖాస్తు ఇచ్చేందుకు అక్కడి ఆఫీసుకు మర్నాడు పొద్దున పదింటికి రమ్మన్నారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ పోలీసులు సొంతూర్లో ఇంటికి విచారణకు వస్తారని, ఆ పొద్దు మనిషి ఇంట్లో లేకపోతే కథ కంచికేనని, రూములో ఉండేవాడెవడో మునిశేఖర్‌ను భయపెట్టాడు. ఆ భయం ఫోన్లోంచి ఈమెకు అంటుకుంది. రెండు దినాలుగా సూదిలో దారం ఎక్కడం లేదు.

బెంచీ మీద మునివెంకటప్ప పక్కన పూలంగడి గురప్ప, లాడ్జీ గుమాస్తా గిరిప్రసాద్ కూర్చోని ఉన్నారు. ఆ కొసన గుండు చేయించుకున్న పెద్దాయన ఒకడు పేపరు చదువుకుంటున్నాడు. దర్శనానికి వచ్చిన మనిషిలా ఉన్నాడు.

"అన్నా, పాస్‌పోర్టు సంగతి నీకు బాగా తెలుసంట గదా. మా ఆయనకు కొత్తది కావాల. ఆడినుంచే పెట్టుకోవాల," అంది కృపారాణి.

మునివెంకటప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే మాట ఇప్పట్లో అయ్యేది కాదని చంద్రకాంతమ్మకు తెలుసు. స్టవ్వు మంట తగ్గించింది.

"కూర్చో పాపా. దీనికా ఇంతగా మొగం వాడ్చుకోనుండావు? నాది నేనే సేయించుకున్నా. ఒక్కడినే. బ్రోకరు లేడు, తోడు లేదు. పొద్దన్నే ట్యాంకరుకు పైపు పెట్టి, నిండేలోపల వస్తానని సెప్పి పోయినా. పని ముగించుకోని వస్తే ట్యాంకరు ఇంకా సగం కూడా నిండలా."

ఒక్క పొద్దులో అయిపోతుందా? కృపారాణికి ప్రాణం లేచొచ్చింది. ఆయన పక్కనే కూలబడింది.

"మా బామ్మర్ది నాలుగు తూర్లు తిరిగినాడే," అన్నాడు గిరిప్రసాద్.

"మీ బామ్మర్దీ నేనూ ఒకటేనా? గమ్మునుండి ఇనప్పా. సూడు పాపా, ఫస్టు ఫోటో. ఫోటోలో మనిషి ఎనకాల తెల్లగా ఉండాల. మల్లెపూవు తెలుపు. ఆ దేశంలో యాడొస్తాది తెలుపు? గాలి తోలిందంటే ఇసక, పొద్దున గోడకు సున్నం కొడితే సందకాడికి అది సంగటి రంగుకొస్తాది. స్టూడియో వోడు తలకాయ పట్టుకోని కూర్చున్నాడు. నేనేం జేసినానో తెలుసా? వాణ్ణి కెమెరాతో సహా ట్యాంకరు ఎక్కించుకోని ఒంటెల సంతకు పోయినా. ఆడ తెల్ల ఒంటె ఒకటి ఉన్నింది, పాలు పోసి కడిగినట్టు. దాన్ని అడ్డంగా నిలబెట్టి, దాని డొక్క ముందర నేను నిలబడి, ఇంక తీయరా అబ్బా అనినా."

"ఒంటె కదల్లేదా?" అడిగాడు గురప్ప.

"యాడ కదులుతాది? ఊపిరి గూడా బిగబట్టింది. గవర్మెంటు పని అని దానికి తెలీదా?"

చంద్రకాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునివెంకటప్పకు ఆ నవ్వు చాలు, ఒక గేరు పైకి వేశాడు.

"ఆ ఫోటో సూసి ఆఫీసరు కుర్సీలోనుంచి లేసినాడు. ఇన్నేండ్ల సర్వీసులో రెండు సెవులూ ఇంత సమానంగా పడిన మొగం సూల్లేదప్పా అని, దాన్ని పెద్దది సేయించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించినాడు. ఆ పొద్దునుంచి యెవరు పోయినా నన్ను సూపించేది, ఇదో, ఈ మాదిరి తీయించుకోని రాపోండి అనేది."

"రెండు సెవులూ కనపడాల్నా అన్నా? మా ఆయనకు జుట్టు పెరిగుండాది."

"కనపడాల, కనపడాల. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏలిముద్రలు! ఆ ట్యాంకరు స్టీరింగు తిప్పీ తిప్పీ నా ఏళ్ళమీద గీతలన్నీ అరిగిపోయి రూపాయి బిళ్ళ మాదిరి నున్నగా అయిపోయినాయి. మిషను మీద ఏలు పెడితే, మనిషి లేడు అంటాది మిషను. నేనేమో దాని ముందర గుండ్రాయి మాదిరి కూర్చోనుండా! కొంచెం అదమండి సార్ అనినాడు ఆఫీసరు. సార్ అనినాడు, మరిచిపోవద్దు. సరే అని అదిమినా. అంతే. ఆ ఈదిలో కరెంటు పోయింది. లిఫ్టులన్నీ యాడివి ఆడ నిలబడిపోయినాయి. సముద్రంలో పోతా ఉండే ఓడ ఒకటి, ఎటు పోవాల్నో తెలీక బిత్తరపోయి నిలబడింది. మిషను మాత్రం ఓకే అనేసింది."

"కరెంటు పోతే మిషను ఓకే అని ఎట్లా అనిందప్పా?" గిరిప్రసాద్ లాజిక్కు పట్టాడు.

"భయానికి."

పేపరు చదివే పెద్దాయన పేపరు కాస్త కదిలింది. వెనక నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో తెలీలేదు.

కృపారాణి నవ్వలేదు. ఆమె వచ్చిన పని వేరే. ఈ ఒంటెలూ ఓడలూ అయిపోతే తన ప్రశ్న అడుగుదామని గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇక ఆగలేక అడిగేసింది.

"అవన్నీ సరే అన్నా. పోలీసోళ్ళు ఇంటికొస్తారంట గదా. మా ఆయన ఈడ లేడు. అప్పుడేం సేస్తారు?"

ఈ మాట వచ్చీరాగానే అడిగుంటే ఆయన ఉన్నదున్నట్టు చెప్పేవాడేమో. మునివెంకటప్ప చెడ్డవాడు కాదు. కానీ ఇప్పటికే ఒంటెనెక్కి, ఓడను ఆపి, చాలా ఎత్తున ఉన్నాడు. నలుగురూ నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే అక్కణ్ణుంచి కిందికి దిగిరావడానికి మనసు రాలేదు.

"పోలీసు ఇచారణా! అది ఆషామాషీ అనుకున్న్యావా? దాటాల్సిన గండమంతా అదే. నా ఇచారణకు ఎస్పీనే సొంతంగా వచ్చినాడు. ఎనకాల పదహారు జీపులు. రేణిగుంట కాణ్ణుంచి ఈడిదాకా బస్సులు నిలిపేసినారు. మూడు దినాలు జరిగింది ఇచారణ. పాలోణ్ణి అడిగినారు, పోస్టుమ్యానును అడిగినారు, కడాకు కొట్టంలో పాలిచ్చే మా ఎనుమును గూడా అడిగినారు."

"ఏమనింది?" అన్నాడు గురప్ప.

"మంచోడే అని తలకాయ ఊపింది."

"ఉండప్పా," అన్నాడు గిరిప్రసాద్. "ట్యాంకరు నిండేలోపల అంతా అయిపోయిందంటివే? మూడు దినాల ఇచారణ దాంట్లో యాడ పట్టింది?"

"ఆ దేశానికీ మనకూ టైము తేడా ఉండ్లా?" అని గిరిప్రసాద్ నోరు మూయించి, మునివెంకటప్ప కృపారాణి వైపు తిరిగాడు. "మూడో దినం ఎస్పీ మా గడప కాడ నిలబడి, మనిషి యాడ అనినాడు. ఆ మాటకు మనిషి కనపడాల. కనపడలేదా, ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసేస్తారు. మళ్ళా ఈ జనమలో పాస్‌పోర్టు రాదు. అలివేలు ఏడ్సుకుంటా నాకు ఫోను సేసింది. మా షేకు సూసినాడు, ఓరి నువ్వు లేకుంటే నా తోటలకు నీళ్ళు యాడివిరా అని, తన సొంత ఇమానం ఇచ్చినాడు. రేణిగుంటలో దిగి ఆటో కోసరం నిలబడాల్నంటే పొద్దు పోతాది. అందుకని పైలట్టుకు దారి సెప్పి మా మిద్దె మీదనే దింపిచ్చినా. అలివేలు ఎండేసిన వడియాలు మాత్రం ఎగిరిపోయినాయి. మెట్లు దిగొచ్చి ఎస్పీ ముందర నిలబడి, ప్రెజెంట్ సార్ అనినా. ఆయన శాల్యూటు కొట్టినాడు. ఒక గ్లాసు మజ్జిగ తాగి మళ్ళా ఇమానం ఎక్కేసినా!"

గురప్ప తొడ చరుచుకుని నవ్వాడు. చంద్రకాంతమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

కృపారాణి లేచి నిలబడింది. విమానం అబద్ధమని ఆమెకూ తెలుసు. ఒంటె అబద్ధం, ఎనుము అబద్ధం. కానీ ఆ ఎర్ర గీత మాత్రం నిజమనిపించింది. మొగుడు చెప్పిందీ అదే, ఈయన చెప్పిందీ అదే. ఇద్దరూ ఒకటే ఎట్లా చెప్తారు? ఫోను తీసి మునిశేఖర్ నంబరు నొక్కింది.

"యాడికి పాపా?" అన్నాడు మునివెంకటప్ప.

"రేపు పోవద్దని సెప్తా అన్నా. ఎర్ర గీత పడినాక వచ్చేదానికంటే ఇప్పుడే పని మానుకోని వచ్చేయమంటా. మిద్దె మీద ఇమానం దింపేదానికి మాకు షేకు యాడుండాడు? మాది రేకుల ఇల్లు."

అంగట్లో నవ్వు ఆగిపోయింది. ఫోను మోగుతోంది, అవతల ఎవరూ ఎత్తడం లేదు. మునివెంకటప్ప, "పాపా, అది అట్లా కాదు, నేను సెప్పింది..." అని మొదలుపెట్టాడు గానీ, పన్నెండేండ్లుగా ఎప్పుడూ తడబడని ఆ నాలుకకు వెనక్కి నడవడం అలవాటు లేదు.

అప్పుడు బెంచీ కొసనున్న పెద్దాయన పేపరు మడిచాడు.

"అమ్మా, ఆ ఫోను కొంచేపు ఆపు. నా పేరు కుప్పుస్వామి. ఈ తిరుచానూరు స్టేషన్లోనే హెడ్ కానిస్టేబుల్‌గా పని జేసి రిటైరయినా. ఇప్పుడు తడలో మా పాప ఇంట్లో ఉండా." అని మునివెంకటప్ప వైపు వేలు చూపించాడు. "కువైట్ ట్యాంకరు, అలివేలు అనేసరికి గుర్తొచ్చింది. ఈయన ఇంటికి ఇచారణకు పోయింది ఎస్పీ కాదు. నేను. జీపు గూడా కాదు, పాత మోపెడ్. ఒక్కడినే పోయినా."

మునివెంకటప్ప ఆ ముఖంలోకి తేరిపార చూశాడు. ఎప్పుడూ చూసిన ముఖం కాదు. ఎట్లా చూసుంటాడు? ఆ పొద్దు ఆయన ఊర్లోనే లేడు.

"మరి ఇమానం యాడ దిగింది సార్?" గురప్ప ఆగలేకపోయాడు.

"కువైట్‌లో ఉండానని దరఖాస్తు ఇచ్చినోడు ఇంట్లో కనపడింటే గదప్పా మాకు అనుమానం రావాల్సింది! దిగినోణ్ణి దిగినట్టే స్టేషన్లో కూర్చోబెట్టుందును."

గిరిప్రసాద్ కిసుక్కుమన్నాడు, అంగడంతా గొల్లుమంది. కుప్పుస్వామి మాత్రం కృపారాణితోనే మాట్లాడాడు.

"నీ మొగుడు ఆడ ఉండాడని వాళ్ళకు తెలుసమ్మా. కాయితం వచ్చేదే ఆడినుంచి. మేము సూసేది ఆ అడ్రసు నిజమా కాదా, మనిషి మీద కేసులేమన్నా ఉండాయా అని. అంతే. నువ్వు ఇంట్లో ఉండు. ఆధారు, ఇంటి కాయితాలు సేతికి అందేట్టు పెట్టుకో. పక్కింటోళ్ళకు ఇద్దరికి సెప్పి పెట్టుకో. టీ తాగినంత సేపు పట్టదు."

"మేము మునుపు ఏర్పేడులో ఉంటిమి సార్. ఈడికొచ్చి రెండేండ్లయింది."

"అయితే ఇప్పుడుండే అడ్రసే రాయమను. పాతది రాస్తే వాళ్ళు ఏర్పేడులో ఎతుకుతారు, నువ్వు ఈడ ఎదురు సూస్తావు. గోలంతా దాంతోనే వచ్చేది."

ఇంతలో ఫోను మోగింది. మునిశేఖర్. కృపారాణి గబగబా చెప్పేసింది. రేపు పో, భయం లేదు, తిరుచానూరు అడ్రసే రాయి, జుట్టు కత్తిరించుకో, రెండు సెవులూ కనపడాల. అవతల అతను ఏమన్నాడో గానీ ఆమె భుజాలు కిందికి జారాయి. మోసుకొచ్చిన గంప దించినట్టు ఊపిరి వదిలింది.

"పాపా," అన్నాడు మునివెంకటప్ప చిన్న గొంతుతో. "తెల్ల సొక్కా ఏసుకోవద్దని సెప్పు. ఎనకాల తెలుపు, ముందర తెలుపు, మనిషి తెలీడు. నేను అట్లే పోయి రెండు తూర్లు ఎనక్కొచ్చినా. మూడో తూరి రూములో వోడి నీలం సొక్కా అడుక్కోని ఏసుకున్నా."

కృపారాణి ఆ మాట కూడా ఫోన్లో చెప్పింది.

"మొత్తం ఎన్ని తూర్లు తిరిగినావప్పా?" గిరిప్రసాద్ అడిగాడు.

"నాలుగు," అన్నాడు మునివెంకటప్ప నేల చూపులు చూస్తూ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చంద్రకాంతమ్మ అడక్కుండానే ఆయన గ్లాసులో ఇంకో సగం టీ పోసింది. అది చూసి ఆయనకు కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. గుక్కెడు తాగి, మీసం తుడుచుకుని, కుప్పుస్వామి వైపు జరిగాడు.

"ఏమన్నా గానీ సార్, మా ఈదిలో నా గురించి మంచిగానే సెప్పుంటారు గదా?"

"మంచిగానే సెప్పినారప్పా. ఒక్క కాడ మాత్రం నేను నిలబడిపోయినా. మనిషిని గుర్తు పట్టేదానికి పుట్టుమచ్చలేమన్నా ఉండాయామ్మా అని మీ ఇంటామెను అడిగినా."

"అలివేలునా? ఏమనింది?"

"మచ్చలెందుకు సార్, నోరు తెరిస్తే సాలు, ఊరంతా గుర్తు పడతాది అనింది."

గురప్ప బెంచీ మీంచి జారి కిందపడ్డాడు. కృపారాణి రెండు దినాల తర్వాత మొదటిసారి నవ్వింది, నవ్వు ఆపుకోలేక ఫోను ఒళ్ళో వేసుకుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"అది రాసుకున్న్యారా సార్?" అంది వేళ్ళ సందుల్లోంచి.

"రాద్దామనే ఉన్నిందమ్మా. ఫారంలో ఆ గడి సాల్లేదు."

మునివెంకటప్ప దానికి ఏదో జవాబు చెప్పబోయి నోరు తెరిచాడు. అందరూ ఆ నోటి వైపే చూస్తున్నారని కనిపెట్టి, టక్కున మూసేసుకున్నాడు.