పటం మీద దారం

సాయంత్రం బడి వదిలాక స్టాఫ్ రూములో ఇద్దరే మిగిలారు. సోషల్ చెప్పే టీచరమ్మ కూర్చోలేదు. లెక్కల మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

“ప్రతి పాఠంలోనూ లెక్కలుండాలని హెడ్మాస్టరుగారి చెవిలో ఊదింది మీరేగా మాస్టారూ?”

“ఊదాను. ఇప్పుడేం కొంప మునిగిందమ్మా?”

“మునిగింది. పటాలు అంత బాగా గీసే పిల్ల నా క్లాసులోంచి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది.”

“అంత బ్రహ్మాండమైన లెక్క ఏమిచ్చారేంటి?”

“పటం మీద నదిని కొలిచి, అసలు పొడవెంతో చెప్పమన్నాను.”

“అదీ ఒక లెక్కేనా? సెంటీమీటరుకి ఎన్ని కిలోమీటర్లో పటం కిందే రాసి ఉంటుంది కదా!”

“నాకు చెప్పకండి. ఆ పిల్ల ఎప్పట్నుంచో చేస్తున్న పనే అది. నది వంపుల మీద దారం పరిచి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి టక్కున చెప్పేసేది.”

“మరి ఇవాళ ఏమొచ్చింది?”

“ఇవాళ మీ పుణ్యమా అని పాఠం పైన ‘లెక్కలు’ అని పెద్దక్షరాలతో రాశాను. అది చూడగానే దారం పటం మీద పెట్టనేలేదు పాపం.”

“నా క్లాసులోనూ అంతే, నోరు విప్పదు. మొద్దనుకున్నాను.”

“అనుకోలేదు మాస్టారూ, అన్నారు. అందరి ముందూ అన్నారు.”

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఆ దారం ఓసారి ఇలా ఇవ్వండమ్మా. రేపు నా క్లాసులో...”

“నా దగ్గరెక్కడుంది? పిడికిట్లో బిగించి పట్టుకుపోయింది. కావాలంటే ఆ పిల్లనే అడగండి. అరవకుండా అడగడం వస్తే!”