చెక్కకో రంగు

ఒడ్డున బోర్లించిన మా పడవకి రంగులు దిద్దుతుంటే మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! పడవల అందాల పోటీలో మనదే మొదటి బహుమతి!"

"మెల్లగా రావే, పడితే పళ్ళు రాలతాయి."

"డ్రాయింగ్ మాస్టారు నిన్ను పెద్ద కళాకారిణి అన్నారు. అందరూ పడవంతా ఒకే రంగు వేస్తే, నీకు చెక్కకో రంగు వెయ్యాలని ఎలా తోచింది?"

"తోచడమేంటి, భయం! మీ నాన్న వేటకెళ్తే నాకు ముద్ద దిగదు. పడవ పగిలిందే అనుకో, ఏ చెక్క కొట్టుకొచ్చినా మనదేనని గుర్తుపట్టొచ్చని."

"ఛీ, ఏం మాటలమ్మా! మాస్టారి దగ్గర ఇలా అనకు. ఇంద్రధనుస్సుని చూసి వేసిందని చెప్పాను."

"సర్లే, నీ నోటికో దండం. ఇంతకీ బహుమతి ఏంటి?"

"అక్కడే వచ్చింది చిక్కు. పడవని నెల్లాళ్ళు ఒడ్డునే ఉంచి జనానికి చూపిస్తారట. ఆ నెల ఇంటి ఖర్చు వాళ్ళదే. అయినా నాన్న ఒప్పుకోడు."

"నెల్లాళ్ళూ నీళ్ళలోకి దిగదా?"

"దిగదు."

"మీ నాన్న సంగతి నాకొదిలెయ్. నువ్వెళ్ళి మాస్టారిని అడుగు, ఇంత కళని నెల్లాళ్ళలో ఎవరు చూసేస్తారని. రెండు నెలలు ఉంచమను."