నలభై ఏడో నెంబరు

హాస్టల్లో రెండో అంతస్తు, ఇద్దరుండే గది. ఇద్దరూ కాలేజీలో మొదటి సంవత్సరమే. ఒకమ్మాయిని అందరూ వాగుడుకాయ అంటారు, ఆ పిల్ల కాదనదు. రెండో అమ్మాయిని ముంగి అంటారు, కాదందామన్నా ఆ పిల్లకు నోరు పెగలదు. పొద్దున క్లాసులో హాజరు పిలిచేటప్పుడు మొదలైన గొడవ ఇప్పుడు గదిలోకొచ్చింది. గొడవ ఇద్దరిదీ. పోయే ఏడాది మాత్రం ముంగిది.

“ఒక్క వాక్యం రాస్తే చాలు. నేను రోజూ క్లాసులోనే ఉండేదాన్నని. నాలుగింటిలోపల సారు గదిలో ఇవ్వాలి.”

“చెప్పావుగా, ముంగీ. ఇప్పటికి మూడుసార్లు చెప్పావు. ఏడాదంతా మాట్లాడినదానికన్నా ఇవాళే ఎక్కువ మాట్లాడుతున్నావు, తెలుసా?”

“రాయవా?”

“గోళ్ళరంగు ఆరనీ.”

“మూడయింది.”

“అయితే ఏం? అసలు నిన్నెవరు పలకమన్నారు? నలభై ఏడు అనగానే ‘ఎస్ సర్’ అనడం నా పని. మొదటిరోజు నీ నెంబరు పిలిస్తే నీ నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. అందరూ పడీపడీ నవ్వారు. మర్నాటినుంచీ గొంతు మార్చి పలికిందెవరు?”

“నువ్వే.”

“మరి ఇవాళేం పూనింది నీకు?”

“ఒక్కసారన్నా నా నెంబరుకి నేనే పలుకుదామని. నెలరోజులు స్నానాలగదిలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో అని చూసుకున్నాను.”

“రెండు మాటలకి నెలరోజులా. బాగుంది. అంత నేర్చుకున్నదానివి నాకొక మాట చెప్పి ఏడవొచ్చుగా? ఒకే నెంబరుకి రెండు గొంతులు లేస్తే సారు ఊరుకుంటాడా?”

“చెప్దామనే అనుకున్నా. నువ్వు నవ్వుతావని...”

“నవ్వేదాన్నే.”

“నవ్వితే నవ్వావు. సారు అడిగినప్పుడు ‘అది క్లాసుకి రాదు సర్, జాలిపడి నేనే పలికేదాన్ని’ అన్నావేం?”

“ఇంకేం అనమంటావు? లేపి నిలబెట్టి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను.”

“ఉన్నదున్నట్టా?”

“‘జాలిపడి’ అన్న మాట కూడా కలిపాను. దానికైనా సంతోషించు.”

“సారు క్లాసంతటినీ అడిగారు, ఈ అమ్మాయిని ఎప్పుడైనా చూశారా అని. నూటపదిమంది. ఒక్కళ్ళు కూడా...”

“ఒకడు చెయ్యెత్తాడుగా.”

“మెస్సులో చూశానన్నాడు.”

“పోనీలే, మనిషి ఆనవాలు ఎక్కడో ఒకచోట దొరికింది.”

“నవ్వకు. నీకు దణ్ణం పెడతా, నవ్వకు. నా హాజరు మొత్తం కొట్టేశారు. నువ్వు రాసివ్వకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు.”

“నేనే ఎందుకు? ఇంకెవరినైనా అడుగు.”

“అడిగాను. నా పక్కన కూర్చునే కళ్ళజోడు అమ్మాయిని. ‘నువ్వేనా అక్కడ కూర్చునేది? నా సంచీ పెట్టుకోడానికి చోటుండేది కాదు’ అంది.”

“ఇంకేం, ఆ పిల్లనే రాసిమ్మను.”

“మొహం చూడలేదు, సంతకం పెట్టలేనంది.”

“కథ బాగా అల్లావే.”

“కథ కాదు. మా నాన్న నన్నిక్కడ దింపి వెళ్తూ ఒక్కటే అడిగాడు, ఒక్కరోజు కూడా క్లాసు మానొద్దని. మానలేదు. జ్వరమొచ్చినా మానలేదు.”

“మళ్ళీ మొదలుపెట్టావూ? చూడు, సారు ముందు అలా మొత్తుకుంటే అర్థముంది. ఇక్కడ ఉన్నది మనిద్దరమే.”

“నువ్వు... నేను రాలేదని నిజంగానే అనుకుంటున్నావా?”

“అనుకోవడమేంటి, నువ్వు రావుగా. నేను లేచేసరికే వెళ్ళిపోతావు. లైబ్రరీలో ఏ మూలో నక్కి కూర్చుంటావు. నిన్ను తప్పుపట్టడం లేదు, భయమున్నవాళ్ళు ఇంకేం చేస్తారు?”

“ముందే వెళ్ళి క్లాసులో కూర్చునేదాన్ని. అందరూ వచ్చాక, వాళ్ళు చూస్తుండగా లోపలికి రావాలంటే కాళ్ళు రావు నాకు. నీ వెనక బెంచీలోనే, గోడవార.”

“నా వెనకా?”

“ఏడాదంతా నా నోట్సు చూసే కదా రాసుకున్నావు. అవి ఎక్కడివనుకున్నావు?”

“పక్క సెక్షనులో ఎవరినో అడిగి తెచ్చుకున్నావనుకున్నా.”

“నేను ఎవరినైనా ఏదైనా అడగడం ఎప్పుడన్నా చూశావా?”

“అదీ నిజమేలే.”

“నీ పెన్ను కిందపడితే తీసిచ్చింది నేనే. రెండుసార్లు.”

“ఎవరో ఇచ్చారు. థాంక్స్ చెప్పాను కదూ?”

“చెప్పావు. వెనక్కి తిరక్కుండా.”

“మరి తిరక్కపోతే అది నువ్వని నాకెలా తెలుస్తుందే? ఎవరైనా కావచ్చు.”

“నేనే. నేనే ఇచ్చాను. రోజూ అక్కడే...”

“సరే సరే, ఏడవకు. ముక్కు తుడుచుకో. ఇటివ్వు ఆ కాగితం. నీకోసం ఏడాదంతా రోజుకో అబద్ధం ఆడాను, ఇంకొక్కటి ఆడితే నా సొమ్మేం పోతుంది?”