జాకీని ఒక్కసారి చూపించండి

గురజాల దగ్గర ఒక ఊరు. శనివారం పొద్దున, ప్రభావతి గారింటి గేటు. గేటు బయట పక్కింటి మహాలక్ష్మి. ఆమె మొగుడు ఎల్లయ్య ఈ ఇంటి ట్రాక్టరే నడుపుతాడు.

“గేటు తీయక్కర్లేదు పిన్నిగారూ, ఇక్కడే నిలబడతా. జాకీని ఒక్కసారి చూపించండి. చూసి పోతా.”

“మళ్ళీ వచ్చావా? నిన్ననే చెప్పాను గదా మహాలక్ష్మీ, అది ఇక్కడ లేదని.”

“నిన్న లేదన్నారు. మొన్న నిద్రపోతందన్నారు.”

“మొన్న నిద్రపోయింది, నిన్న లేదు. అందులో తప్పేముంది? క్రోసూరులో మా తోటకి పంపించాం. కట్టేయండి, కట్టేయండి అని ఏడాది నుంచి మా ప్రాణం తీసింది నువ్వే గదా? అసలు ఊళ్ళోనే లేకుండా పంపించాం. అదీ తప్పేనా?”

“ఏడాది నుంచి అడిగితే కట్టేయలా. నా కూతుర్ని కరిచాక పంపించారు.”

“కరవలేదే! ఆడుకుంటా మీద పడింది. పన్ను గీరుకుంది.”

“నాలుగు గాట్లు పిన్నిగారూ. పిక్క మీద. ఏడేళ్ళ పిల్ల, పాల పాకెట్టు తెస్తంటే వెనక నుంచి వచ్చి పట్టుకుంది. బాబాయిగారు కుర్చీలో కూర్చుని ‘జాకీ, నో, నో’ అన్నారంట. అదేమన్నా ఇంగ్లీషు మీడియంలో చదివిందా?”

“నోరు జాగ్రత్త. ఆయన కర్ర తీసుకుని లేవలేదూ?”

“లేచారు. పూర్ణిమ కింద పడి, పాలన్నీ రోడ్డు పాలయ్యాక లేచారు. అసలు తెల్లారకముందే గేటు తీసి దాన్ని వదిలేదెవరు? మీ గచ్చు పాడుగాకూడదు, మా వాకిట్లో దొడ్డికెళ్ళి రావాలి. నేను ఎత్తిపోసుకోవాలి. కల్లంలో మిరపకాయలు ఆరబోస్తే వాటి మీద పొర్లింది. రెండు కోళ్ళని చంపింది. ఏమన్నా అన్నానా? మా ఆయన మీ ట్రాక్టరు మీద ఉన్నాడని నోరు మూసుకున్నా.”

“కోళ్ళ గోల ఇప్పుడెందుకే?”

“ఎందుకూ లేదు. కోళ్ళు పోతే పోయినయ్యి. పిల్ల సంగతి చెప్పండి.”

“పిల్లకి మేమేం తక్కువ చేశాం? ఆ గురువారమే మా కార్లో ఏటవతలకి తీసుకుపోయి పసరు పోయించలా? నేనే పక్కన కూర్చుని, ముక్కు మూసి మరీ తాగించా. మా నాన్నని నక్క కరిస్తే ఆ పసరే తాగాడు. తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు.”

“పోయించారు. కాదన్నానా? కన్నతల్లి కంటే ఎక్కువ చేసిందని వీధంతా చెప్పుకున్నా. నలభై రోజుల పథ్యం కూడా ఇప్పటిదాకా తప్పనీయలా. ఉప్పు లేదు, పులుపు లేదు. పిల్ల ఆ చప్పిడి కూడు తినలేక ఏడుస్తంటే రెండు దెబ్బలు వేసి తినిపిస్తన్నా.”

“మరింకేంది నీ బాధ?”

“ఆశా వర్కరు రామలక్ష్మక్క మొన్న ఇంటికొచ్చి తిట్టిపోసింది. ఇన్నాళ్ళైంది, ఒక్క సూదీ వేయించలేదా, పిల్లని చంపుకుంటావా అని చెడామడా తిట్టింది.”

“ఆమెకేం? ఆమె పుస్తకంలో పేర్లు నిండాలి.”

“సూది పడితే పసరు విరిగిపోద్ది, పిల్ల మీదకి వస్తదని పసరాయన మీ ముందరే అన్నాడు. సూది పడకపోతే పిల్ల దక్కదని ఈమె అంటంది. నేనెవరి మాట వినాలి? ఆమెనే గుచ్చి గుచ్చి అడిగా. కరిచిన కుక్క పది రోజులు బతికి బాగుంటే దానికి పిచ్చి లేనట్టేనంట. ఇయ్యాళ్టికి తొమ్మిది. అందుకే వచ్చా. జాకీ బాగుందా, పసరుతోనే ఉంటా. బాగా లేదా, ఇప్పుడే పిల్లని భుజానేసుకుని ఆసుపత్రికి పరిగెత్తుతా. అంతే పిన్నిగారూ. దాన్ని కళ్ళారా చూస్తే చాలు.”

“బాగుంది. మొన్న పాలు కూడా తాగింది.”

“మొన్న నిద్రపోయిందన్నారుగా.”

“నిద్ర లేచి తాగింది! ఏందే, పోలీసోళ్ళ మాదిరి కూపీ లాగుతున్నావు?”

“తోటలో ఎవరున్నారు?”

“కాపలాకి దుర్గాప్రసాద్ ఉన్నాడు.”

“ఫోన్ చేయండి. వీడియోలో చూపించమనండి.”

“అక్కడ సిగ్నల్ ఉండదు.”

“నిన్న సాయంత్రం అక్కణ్ణుంచే మా ఆయనకి వాట్సాప్‌లో తోట ఫొటోలు పెట్టాడే?”

“నిన్న ఉంది. ఇయ్యాళ లేదు.”

“నిన్న సిగ్నల్ ఉంది, కుక్క లేదు. మొన్న కుక్క ఉంది, నిద్రపోయింది. నా కర్మ కాకపోతే ఏంది పిన్నిగారూ ఇది?”

“చూడు మహాలక్ష్మీ. ఆసుపత్రికి పోతే ఏం అడుగుతారో తెలుసా? ఎవరి కుక్క, ఎందుకు వదిలారు, అన్నీ రాసుకుంటారు. అది పోలీసుల దాకా పోద్ది. మీ బాబాయిగారు నలుగురికీ తగువులు తీర్చే మనిషి. ఆయన్ని స్టేషన్లో కూర్చోబెడతావా?”

“ఊరకుక్క కరిచిందని చెప్తా. మీ పేరెత్తను. నా కూతురి మీద ఒట్టు... వద్దు, దాని మీద ఒట్టెందుకు. నా మీద ఒట్టు.”

“ఎల్లయ్యకి లేని బాధ నీకెందుకు? అతనేమీ అడగలేదే.”

“ఆయనకి బాబాయిగారు చెప్పారంట, జాకీ బంగారంలా ఉందిరా, దిగులు పడమాక అని. ఆ మాట పట్టుకుని నిశ్చింతగా దున్నుకుంటన్నాడు. ఇంట్లో ఉండేది నేను గదా. పొద్దున పిల్ల మంచినీళ్ళు వద్దంది. పిచ్చికుక్క కరిచినోళ్ళు నీళ్ళకి భయపడతారంటారు గదా. గ్లాసు పట్టుకుని దాని వెనకే తిరిగా.”

“మళ్ళీ తాగిందా లేదా?”

“తాగింది. కాసేపాగి తనే అడిగి తాగింది. ఆ కాసేపు నేను బతికి లేను పిన్నిగారూ.”

“తాగింది గదా, ఇంక ఏడుపెందుకు? ఏమే వాసంతీ! ఇట్రా. మా కోడలు చెప్తే నమ్ముతావా? చెప్పు వాసంతీ, జాకీ తోటలో బాగుందని ఈమెకి చెప్పు.”

“నేనా అత్తయ్యా?”

“నువ్వే. నిన్న ఫోన్లో చూశావు గదా.”

“నేను చూడలేదే.”

“చూశావు! మర్చిపోయావు. దీనికి మతిమరుపు మహాలక్ష్మీ, స్టవ్ మీద పాలు పెట్టి కూడా మర్చిపోద్ది.”

“వాసంతమ్మా, నా మొహం చూసి చెప్పు. నీకూ పిల్లోడున్నాడు. ఫణీంద్ర పొద్దస్తమానం జాకీ మెడ పట్టుకుని ఊగుతుండేవాడు గదా. బాబుకేం కాలేదుగా?”

“మా పిల్లోడి ఊసెందుకే నీకు? రాయిలా ఉన్నాడు వాడు.”

“ఉండాలి పిన్నిగారూ. నూరేళ్ళు ఉండాలి. నా పిల్ల కూడా ఉండాలనే గదా నేను అడిగేది.”

“వాసంతీ, నువ్వు లోపలికి పో.”

“పోను అత్తయ్యా.”

“ఏందీ?”

“మూడు రోజుల నుంచి ఈమె వచ్చినప్పుడల్లా లోపలికి పొమ్మంటానే ఉన్నారు. లోపల కూర్చుంటే కూడా ఈమె గొంతు వినపడతానే ఉంది. ఇంక నావల్ల కాదు. అక్కా, జాకీ తోటలో లేదు.”

“వాసంతీ!”

“పోయిన శనివారమే చచ్చిపోయింది. నురగ కక్కి, కనపడ్డ కర్రనల్లా కొరికి కొరికి చచ్చింది. మామయ్య తెల్లారేలోపు తీసుకుపోయి పూడ్చేశారు.”

“శనివారమా?”

“అవునక్కా.”

“పిన్నిగారూ... ఆదివారం మీరు మా ఇంటికొచ్చారు. మంచం మీద కూర్చున్నారు. పిల్ల తల నిమిరి, పథ్యం తప్పొద్దు, సూదుల జోలికి పోవద్దు అని చెప్పి పోయారు. అప్పటికే అది చచ్చిందా?”

“అదీ... పసరు పోయించాం గదే. ఆ పసరు మీద నమ్మకంతోనే చెప్పా. నా మాట విను, నా మనవరాలి లాంటిది పూర్ణిమ, నేను చెడు కోరతానా...”

“పాపని ఎత్తుకొచ్చి మా కారెక్కక్కా, మాట్లాడుకుంటా నిలబడమాక. అత్తయ్యకి ఆ పసరు మీద అంత నమ్మకమే ఉంటే, మా ఇంట్లో ఐదుగురికీ ఆ శనివారమే నరసరావుపేటలో సూదులు మొదలుపెట్టించేవారు కాదు. ఇయ్యాళ మూడోది.”