పురుషోత్తం ఒంట్లో కరెంటు

మా ఆడబిడ్డ అహల్యకు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి, మా కారు స్టార్టు కాలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. తాళం తిప్పితే కిర్రుమని కూడా అనలేదు. కురవి నుంచి మానుకోట దవాఖానకు పోవాలి, మొదటి బస్సేమో ఎనిమిదింటికి. ఇది ఎనభై రెండులో సంగతి.

మధ్యాహ్నానికి అన్నీ సర్దుకున్నాయి. ఆడపిల్ల పుట్టింది, గట్టిగానే ఏడ్చింది. తల్లికి రక్తం బాగా పోయి ఆగింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "మళ్ళీ మొదలైతే క్షణం ఆగొద్దు, వరంగల్ తీసుకుపోవాలి. రెండు రోజులు బండి ఇక్కడే ఉండాలి" అంది. సరేనన్నాను. వరండాలోకి వచ్చి గచ్చు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పొద్దుటి నుంచి అదే మొదటిసారి కూర్చోవడం.

అక్కడ అహల్య భర్త పురుషోత్తం, పక్క మంచంలోని కోడలి కోసం వచ్చిన సోమనర్సయ్య అనే పెద్దాయనకు పొద్దుటి ముచ్చట చెబుతున్నాడు. మా ట్రాక్టరు నడిపే లింగ్యా మెట్టు మీద టీ తాగుతున్నాడు.

"ఏం లేదు పెద్దనాయినా, ట్రాక్టరు తెప్పించి కారు మూతికి మూతి పెట్టించిన. మోటరు వైరు రెండు ముక్కలు కోసి, గా బ్యాటరీని గీ బ్యాటరీని కలిపిన. గంతే."

"గంతేనా?"

"గంతే అంటే గంతెట్లయితది? వైర్లు పొట్టిగైనయి. జానెడు సందు! లోపల ఆమె మూలుగుతున్నది, అక్క నన్నే గుడ్లురిమి చూస్తున్నది" (అక్క అంటే నేను. చూసిన మాట నిజమే) "ఇగ ఏం జేసిన్నో ఎరికేనా? గీ చేత్తోని ఒక వైరు, గా చేత్తోని ఒక వైరు పట్టి, నడుమ నేనే వైరునైన!"

"షాకు కొట్టలేదా బిడ్డా?"

"కొట్టకపోవుడేంది! పన్నెండు వోల్టులు లోపలికి పోయినయి, పన్నెండు వేలై బయటికొచ్చినయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఊళ్ళె కరెంటు లేదా, అన్ని ఇండ్లల్ల లైటు బుగ్గలు భగ్గుమన్నయి. పిండి గిర్ని దానంతటదే తిరిగింది. వీరభద్రుని గుడి మైకు పాటందుకున్నది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

సోమనర్సయ్య బీడీ ఆర్పేశాడు. "చెప్పు."

"బండి లేసింది. నేను స్టీరింగు పట్టంగనే నా ఒంట్లె కరెంటుకు బండి బండంత అయస్కాంతమైంది. బయ్యారం దిక్కు ఇనుపరాయి గుట్టలున్నయి గద? మానుకోటకు తిప్పితే తిరగది, గా గుట్టల దిక్కే గుంజుతది! నేనిటు గుంజుడు, గుట్ట అటు గుంజుడు. ఆఖరికి గుట్టే ఓడింది. గుండ్లు లేసి పిట్టల లెక్క మా ఎంబడి పడ్డయి. తొవ్వల ఉన్న గొడ్డండ్లు, గడ్డపారలు, బాయికాడి బొక్కెనలు అన్నొచ్చి కారుకు అతుక్కున్నయి. ఒక ముసలవ్వ బొక్కెన ఇడువలే, దాంతోనే మానుకోట దాక వచ్చింది!"

"ఏదయ్యా గా అవ్వ?"

"బజారుకు పోయింది. ఎట్లనో వచ్చింది గద, ఉల్లిగడ్డలు కొనుక్కపోతదట."

నాకు నవ్వు ఆగలేదు. తల్లీ పిల్లా బతికున్నారు, ఇక ఎన్ని గుట్టలు లేచినా నాకు అభ్యంతరం లేదు అనుకున్నాను.

"గట్ల రెండు పానాలు నిలవెట్టిన" అన్నాడు పురుషోత్తం.

వెనక కిటికీలోంచి అహల్య గొంతు వినిపించింది. నీరసంగానే ఉంది కానీ ప్రతి మాటా తెలుస్తోంది.

"ఏమయ్యా, గా బ్యాటరీ ఎట్ల చచ్చిందో గది గూడ చెప్పు పెద్దనాయినకు."

పురుషోత్తం పైకప్పు చూశాడు.

"నేనే చెప్త తియ్. ఊళ్ళె రాత్రిపూట చిరుతల రామాయణం ఆట నేర్సుకుంటున్నరు. కరెంటు లేదని ఈయిన కారు లైట్లు ఏసిండు. ఇంజను బందు. మూడు దినాలు గదే పని. ఈయినె రావణాసురుడు."

"వైర్లన్న పట్టిండా మరి?" సోమనర్సయ్య లింగ్యా వైపు తిరిగాడు.

"నేను పట్టిన" అన్నాడు లింగ్యా, గ్లాసు కింద పెట్టి. "రవ్వ లేస్తే గీ పటేలు జొన్నచేన్లకు ఉరికిండు. బండి లేసినంక పిలిస్తే వచ్చిండు."

సోమనర్సయ్య నవ్వి నవ్వి దగ్గాడు. లోపల అహల్య "నవ్వియ్యకుండ్రి, కుట్లు గుంజుతున్నయి" అంది. పురుషోత్తం కూడా మాతో కలిసి నవ్వాడు. సిగ్గుపడే మనిషి కాదు.

సాయంత్రం ఐదింటికి లేచి, తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. "అక్కా, కారు తీస్కపోతున్న. రేపే ఆట, ఇయ్యాల ఆఖరి సారి నేర్సుడు. బ్యాటరీ నిండింది గద. పొద్దుగాల్ల తెస్త."

ఇంటల్లుడు అడిగితే కాదనే అలవాటు మా ఇంట్లో లేదు. మూడు రోజులూ మా మామగారు నోరు మెదపనిది, నేను చూసీ చూడనట్టు ఉన్నది అందుకే.

చెయ్యి చాపాను. "తాళం ఇటివ్వు."

"రావణాసురుడు లేకుంటే ఆటెట్లయితది అక్కా?"

"ఐదున్నరకు బస్సుంది. ఇక్కడ అవసరమైతే బండి లింగ్యా తోలుతాడు."

ఒకసారి కిటికీ వైపు, ఒకసారి నా వైపు చూసి, ఇచ్చాడు. కొంగున ముడేసుకున్నాను.

ఆట పెట్రోమాక్సు లైట్ల కింద జరిగింది, బాగానే వచ్చిందన్నారు. అహల్యకు మళ్ళీ రక్తం పోలేదు, మూడో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. ఆ కారు అమ్మేదాకా ఎనిమిదేళ్ళు తాళం నా దగ్గరే ఉంది. ఎవరు అడిగినా, అల్లుడైనా సరే, ఎందుకో చెప్పాకే ఇచ్చాను.